ఓవీద్ తుపాకీలో రెండో తూటా

తుపాకీ మొరాయిస్తోందని ఎవరు వచ్చినా అజేలీ ప్రిమో ముందు తుపాకీ సంగతి చూడదు. ఖాళీగా ఉందని తేల్చుకుని బల్ల మీద పెట్టి, కిటికీ పక్కనున్న కుర్చీ చూపిస్తుంది.

"కూర్చో. మాటులో ఎలా కూర్చుంటావో అలాగే. ఇప్పుడు బాతు వచ్చిందనుకో. ఎత్తు," అంటుంది.

వచ్చినవాడు సిగ్గుపడుతూ ఖాళీ తుపాకీ ఎత్తుతాడు. గోడ మీది మరియమాత పటం వైపు గురి పోకుండా కాస్త పక్కకి తిరిగి, లేని బాతుని కొడతాడు. ఆమె అతని మోచెయ్యి చూస్తుంది, భుజం చూస్తుంది, చెంప ఎక్కడ ఆనించాడో చూస్తుంది. అప్పుడే మరమేకు తిప్పే పనిముట్టు చేతిలోకి తీసుకుంటుంది. ఊళ్లో మగవాళ్లకి ఇదొక వేళాకోళం. కొన్ని పాపాలు ఫాదర్ దగ్గర ఒప్పుకోవాలి, కొన్ని అజేలీ కుర్చీలో ఒప్పుకోవాలి అంటారు.

ఈ అలవాటు ఆమెకి తుపాకుల దగ్గర అబ్బింది కాదు. పడుచుతనంలో పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే పనిలో చేరింది. అక్కడి పెద్ద మెకానిక్కు, దారం తెగుతోందని ఏ అమ్మాయి పిలిచినా, మిషను విప్పేముందు ఆ అమ్మాయినే కూర్చుని కుట్టమనేవాడు. సగం రోగాలు పీట ఎత్తులోనో, పెడలు మీద కాలు పెట్టే తీరులోనో బయటపడేవి. "మిషను ఒంటరిగా పాడవదమ్మా, మనిషిని తోడు తెచ్చుకుంటుంది" అనేవాడు ఆయన.

ఫ్యాక్టరీ మూతపడ్డాక అజేలీ తల్లి ఇంటికి వచ్చేసింది. లూసియానాకి దక్షిణపు అంచున, వరిచేలు అయిపోయి చిత్తడి మొదలయ్యేచోట ఉంది ఆ ఊరు. అక్కడ కుట్టుమిషను ఇంటికొకటి ఉంటే, తుపాకీ మనిషికొకటి ఉంటుంది. ఒక చలికాలం మేనమామ తుపాకీ మొండికేస్తే విప్పి బల్లమీద పరిచి చూసింది. ట్రిగ్గరు నొక్కితే తూటా పేలాలి. ఖాళీ డొప్ప పక్కకి ఎగిరిపోవాలి. కిందనున్న కొత్త తూటా పైకెక్కి గొట్టంలో కూర్చోవాలి. దాని వెనక తలుపులాంటి బోల్టు మూసుకోవాలి. అంతా రెప్పపాటులో, మనిషి చెయ్యి పడకుండా. సూది దిగడం, దారం అందుకోవడం, బట్ట జరగడం, మళ్లీ సూది దిగడం లాంటిదే కదా అనుకుంది. సర్కారు లైసెన్సు తెచ్చుకుని, పాత కుట్టుగదిలోనే బల్ల వేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదు," అనేది.

ఆ ఊరి తుపాకుల జబ్బులు ఆమెకి కొట్టినపిండి. చిత్తడిలో తుప్పు పడుతుందని భయపడి మనుషులు నూనె పోస్తారు, పోసిందానిమీద పోస్తారు. చలిగాలి తగలగానే అది పాకంలా చిక్కబడి బోల్టుని కదలనివ్వదు. పేలుడు గాలి తోపుతో నడిచే తుపాకీలో చిన్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. వంటగదిలో తుడుస్తూ దాన్ని పోగొట్టుకుంటారు. లేదా తిరగేసి తొడుగుతారు. చవక తూటాలు కొంటే బలం చాలదు. రెల్లు గింజ ఒకటి ట్రిగ్గరులో దూరితే, పెద్ద స్ప్రింగే విరిగిందని ఏడుపుమొహంతో వస్తారు. అజేలీ ఎవరినీ చూసి నవ్వదు. రింగు తొడిగి, నూనె తుడిచి, "ఇంటికెళ్లి దీన్ని ముట్టుకోకు," అని చేతికిస్తుంది.

శనివారాలు మాత్రం తుపాకులు ముట్టదు. గుడి పీఠం మీది తెల్లగుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసే వంతు ఆమెది. శుక్రవారం పొద్దుగూకేసరికి ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి గోళ్ల సందుల్లో నల్లదనం పోయేదాకా చేతులు రుద్దుకుంటుంది.

ఆ ఏడు సకల పునీతుల పండుగకి ఊరంతా శ్మశానంలోనే ఉంది. తవ్వితే నీళ్లొచ్చే నేల గనుక అక్కడ సమాధులు నేలమీదే కడతారు. పండుగనాటికి వాటికి సున్నం వేయాలి. సాయంత్రం ఫాదర్ గిద్రీ వచ్చి ఒక్కో సమాధి మీద తీర్థం చల్లుతాడు. అజేలీ తన తల్లి సమాధికి సున్నం కొట్టి, పక్కనే దిక్కులేని సమాధి ఒకటుంటే మిగిలిన సున్నం దానికి వేస్తోంది. అక్కడికి ఎల్మీర్ ట్రహాన్ బకెట్టు పట్టుకుని వచ్చింది.

"వదినా, కాస్త ఇటు రా. ఆయన వింటాడు."

ఆయనంటే ఆమె భర్త ఓవీద్. నాలుగు వరసల అవతల, బోర్లించిన పెట్టె మీద కూర్చుని, ఎడంచేత్తో తన తండ్రి సమాధికి సున్నం వేస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. వేసవిలో ధాన్యం గాదె నిచ్చెన మీంచి జారి కుడిభుజం విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు కోసి కుట్టి, ఇకమీదట ఆ భుజానికి దెబ్బ తగలకూడదన్నాడు. తుపాకీ పేలితే భుజాన్ని గుర్రంలా తన్నుతుంది. డాక్టరు మాటకి అర్థమేమిటో ఊళ్లో అందరికీ తెలుసు.

"మాటులోకి క్లోవిస్ కుర్చీ చేసిచ్చాడుగా," అంది అజేలీ. క్లోవిస్ ఎల్మీర్ తమ్ముడు, పడవల వడ్రంగి.

"చేశాడు. వేసవంతా దానిమీదే కూర్చున్నాడు వాడు. తుపాకీ మడమ, అదే వెనక కొస, ఆనించడానికి గిన్నెలాంటిది పెట్టాడు. దెబ్బంతా కొయ్యకే, భుజానికి ఏమీ తగలదు. అదంతా బాగానే ఉంది. కానీ సెప్టెంబరులో చిన్నబాతుల వేటకి వెళితే, ఒక్క తూటా పేలడం, తుపాకీ ఆగిపోవడం. మళ్లీ బోల్టు లాగడానికి ఆ చేతిలో బలమెక్కడిది? రోజూ అంతే. ఇంటికొచ్చి కాఫీ తాగి గోడవైపు తిరిగి పడుకునేవాడు." ఎల్మీర్ బకెట్టు కింద పెట్టింది. "పెద్దవేట మొదలయ్యే ముందురోజు, చిత్తడిలో వేటచోట్లు తీసుకున్న కౌలుదారులందరూ కూర్చుంటారు కదా. తన చోటు వదిలేస్తానని చెప్పేస్తాడట. ముప్పై ఏళ్ల చోటు. వదిలేస్తే మళ్లీ రాదు, దానికోసం వరసలో నిలబడ్డవాళ్లున్నారు."

"తుపాకీ నాకెందుకు తేలేదు?"

"తెమ్మంటే పలకడు. నువ్వు పిలిస్తే వస్తాడేమో."

అజేలీ కుంచె పట్టుకునే ఓవీద్ దగ్గరికి నడిచింది.

"అన్నయ్యా, మీ నాన్నకి ఒకవైపే సున్నం వేస్తున్నావు. రెండోవైపు చలేస్తుంది ఆయనకి."

"ఆయనకి బతికున్నప్పుడూ చలి తెలీదు," అన్నాడు ఓవీద్. "ఎల్మీర్ నిన్ను పంపిందా?"

"పంపింది. రేపు తుపాకీ తీసుకురా. నీ తూటాలు కూడా."

మర్నాడు వచ్చాడు. ఎడమ భుజానికి తుపాకీ, కోటు జేబులో తూటాలు, ఎడంచేతిలో ఎల్మీర్ కట్టిచ్చిన మాంసపు అన్నం. కుట్టుగది గడప దాటుతూనే కిటికీ పక్కనున్న కుర్చీ వైపు చూశాడు, ఉరికంబాన్ని చూసినట్టు. అతని చెయ్యి వేలాడుతున్న తీరు అజేలీ కంటపడింది. ఈ మనిషిని కూర్చోబెట్టి, లేని బాతుకి ఆ చెయ్యెత్తమనడానికి ఆమెకి మనసొప్పలేదు.

"నువ్వు వసారాలో ఉండన్నయ్యా. కాఫీ ఉంది, పోసుకో," అంది.

తుపాకీ విప్పింది. ఇది గాలి తోపుతో నడిచే రకం కాదు, తన్నుతో నడిచే రకం. బోల్టు లోపల కురచ స్ప్రింగొకటి ఉంటుంది. దాని బిగువు చూసింది. సరిగ్గా ఉంది. తుప్పు లేదు, చిక్కబడ్డ నూనె లేదు. అద్దంలా పెట్టుకున్నాడు. మళ్లీ బిగించి ఇంటి వెనక కాలువ కట్ట దగ్గరికి తీసుకెళ్లి, అతని తూటాలే మూడు వేసి, తన భుజానికి ఆనించి కాల్చింది. మూడూ గబగబా పేలాయి. డొప్పలు మూడూ గడ్డిలో పడ్డాయి. మళ్లీ మూడు వేసింది. అవీ అంతే.

వసారాలోకి వచ్చి, ఉన్నమాట చెప్పేసింది. "తుపాకీలో ఏ తప్పూ లేదన్నయ్యా."

ఓవీద్ కప్పు కింద పెట్టాడు. 

"సరే అయితే. తుపాకీ బాగుంటే మిగిలింది నేనేగా," అన్నాడు. "దాన్ని నీ దగ్గరే ఉంచు. కావాలన్నవాడికి ఇచ్చెయ్. మంచి తుపాకీ."

"అన్నయ్యా, నేనన్నది..."

"అన్నం చల్లారకముందే తిను. ఎల్మీర్ అడుగుతుంది," అని మెట్లు దిగి, బండి దగ్గరికి మెల్లగా నడిచి వెళ్లిపోయాడు.

అజేలీకి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున పూజకి వెళ్లి మోకాళ్ల మీద ఉండగా కూడా అతని మాటే చెవిలో ఉంది. జపమాల తిప్పుతూ తిప్పుతూ ఒక పూస దగ్గర ఆగిపోయింది. ఎవరు వచ్చినా కూర్చోబెట్టే తను అతన్ని కూర్చోబెట్టలేదు. జాలిపడి వసారాలోకి పంపింది. మిషనుని చూసింది గానీ మిషను తోడు తెచ్చుకున్న మనిషిని చూడలేదు. అతనిప్పుడు మామూలు కుర్చీలో కూర్చోడు, క్లోవిస్ చేసిన కుర్చీలో కూర్చుంటాడు. చూడవలసింది అక్కడ.

గుడి నుంచి వస్తూ, ఇంట్లో ఉన్న ఓవీద్ తుపాకీ, తూటాలు తీసుకుని క్లోవిస్ షెడ్డుకి వెళ్లింది. అతను పడవ అడుగుకి తారు పూస్తున్నాడు.

"తమ్ముడూ, నన్ను మీ బావ మాటుకి తీసుకెళ్తావా? కుర్చీ చూడాలి."

క్లోవిస్ మొహం వెలిగిపోయింది. "ఎవరూ అడగరక్కా. అందరూ బాగుంది బాగుంది అంటారు, ఒక్కరూ వంగి చూడరు. పద. నీ గుడి బూట్లు తడుస్తాయి మరి."

"బూట్లే కదా."

పడవలో తుపాకీ చూసి నొసలు ముడిచాడు. "ఇదెందుకు? సీజను ఇంకా రాలేదే. నన్ను జైల్లో పెట్టించకు, పడవకి రెండో పూత వెయ్యాలి."

"బాతుల్ని కాదు, బురదగట్టుని కాలుస్తాను. గట్టుకి సీజను లేదులే."

మాటు అంటే నీళ్లలో గుంజలు పాతి, పలకలు పరిచి, చుట్టూ రెల్లు కట్టిన అరుగు. వెనక గుంజకి బిగించి ఉంది ఆ కుర్చీ. సైప్రస్ కొయ్య. చేతులు ఆనేచోట ఎక్కడా అంచు తగలకుండా గుండ్రంగా చెక్కాడు. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి ఎడమవైపు తాడు ముడి. నీళ్లు నిలవకుండా కూర్చునేచోట చిన్న చిల్లులు. కుడివైపు, భుజం ఎత్తులో, గుంజలోంచి వచ్చిన మొద్దు, దానికి తోలు తొడిగిన గిన్నె.

"ఆ తోలు నా జీనుది. గుర్రం పోయింది, జీను ఏం చేసుకుంటాను," అన్నాడు క్లోవిస్. అరచేత్తో గిన్నెని నిమిరాడు. "ఏనుగు గుద్దినా కదలదు."

అజేలీ కూర్చుంది. తుపాకీ మడమ గిన్నెలో పెట్టింది. గువ్వ గూట్లో ఒదిగినట్టు ఒదిగింది. మూడు తూటాలు వేసి గట్టుకి గురిపెట్టి నొక్కింది. ఒకటి పేలింది. బోల్టు కదల్లేదు. ఖాళీ డొప్ప గొట్టంలోనే ఉండిపోయింది. చేత్తో లాగి, మళ్లీ నొక్కింది. రెండోదీ పేలి ఆగిపోయింది. మళ్లీ లాగి, ఈసారి మడమని గిన్నెలోంచి తీసి తన భుజానికి పెట్టుకుంది. తూటా పేలడమూ డొప్ప రెల్లులోకి ఎగిరిపోవడమూ ఒక్కసారే జరిగాయి.

క్లోవిస్ రెల్లులో పడ్డ డొప్పనే చూస్తున్నాడు.

"ఇది తన్నుతో నడిచే తుపాకీ తమ్ముడూ," అంది అజేలీ నెమ్మదిగా. "పేలగానే తుపాకీ మొత్తం ఒక వేలెడు వెనక్కి జరగాలి. అప్పుడు లోపలి బోల్టు బరువుకి ఉన్నచోటే ఉండిపోయి, స్ప్రింగు నలుగుతుంది. ఆ నలిగిన స్ప్రింగే తిరిగి బోల్టుని వెనక్కి విసురుతుంది. ఇక్కడ తుపాకీకి వెనక్కి జరగడానికి చోటే లేదు."

"అంటే నేనే ఆపేశానన్నమాట."

"నువ్వు దెబ్బని ఆపావు. ఆ దెబ్బే దానికి ఊపిరని నీకెలా తెలుస్తుంది? నాకైనా తెలిసుండాల్సింది, నిన్న తట్టలేదు."

"సెప్టెంబరంతా ఆయన ఇక్కడ కూర్చున్నాడు. నేను పక్కనే కూర్చుని, 'తుపాకీ ముసలిదైపోయింది బావా, నీకు జోడీ కుదిరింది' అని వెక్కిరించాను." క్లోవిస్ పడవలోకి వంగి సుత్తి తీశాడు.

"ఏం చేస్తావు దాంతో?"

"పీకేస్తాను."

"పీకితే దెబ్బ ఎవరికి తగుల్తుంది? ఆ భుజానికే కదా. సుత్తి లోపల పెట్టు. నాకు వడ్రంగి పని రాదు గనుక నిన్నే అడుగుతున్నా. ఆ గిన్నె జారాలి, జారాక మెత్తగా ఆగాలి. ఎలా?"

క్లోవిస్ చాలాసేపు మొద్దుని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత సుత్తి పక్కన పెట్టి, జేబులోంచి పెన్సిలు తీసి, మొద్దు మీద గీత గీశాడు.

"సొరుగు," అన్నాడు. "మొద్దులో గాడి తీసి, గిన్నెని సొరుగులా లోపల నడిపిస్తా. వెనకాల లారీ ట్యూబు రబ్బరు."

"అదీ మాట."

ఆ వారమంతా షెడ్డులో అదే పని. గుంజకి మొద్దు బిగించి, కట్టమీద కాల్చి చూసేవారు. మొదట రబ్బరు గట్టిదై బోల్టు సగంలో ఆగింది. పలచన చేస్తే గిన్నె వెళ్లి వెనక కొయ్యకి కొట్టుకుంది. గాడికి మైనం రాసి, రబ్బరు రెండు పొరలుగా పెట్టాక మూడు తూటాలూ ఆగకుండా పేలాయి. ఊళ్లో ఇదేం గోలని అడిగినవాళ్లకి క్లోవిస్ "గట్టుని వేటాడుతున్నాం" అని చెప్పాడు. పక్కింటి ముసలామె ఆ చప్పుళ్లకి విసుక్కోకుండా, రోజూ సాయంత్రం ఇద్దరికీ వేడి కాఫీ పంపింది.

కొత్త మొద్దుని మాటులో బిగించాక మిగిలింది ఒక్కటే పని.

"నువ్వే చెప్పెయ్యక్కా," అన్నాడు క్లోవిస్. "స్ప్రింగు మార్చానని చెప్పు. ఆయన నమ్ముతాడు."

"మార్చని స్ప్రింగు మార్చానని చెప్పి, ఆదివారం పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం ఏ నాలుక మీద పెట్టించుకోను? నేను కూడా వస్తాను. చెప్పేది మాత్రం నువ్వే."

కౌలుదారులు కూర్చునే రోజు మధ్యాహ్నం తుపాకీ పట్టుకుని ఓవీద్ ఇంటికి వెళ్లారు. ఓవీద్ వంటింట్లో ఎడంచేత్తో వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఎల్మీర్ పొయ్యి దగ్గర, సాయంత్రం అందరికీ వడ్డించే గంబో పులుసుకి పిండి ఎర్రగా వేయిస్తోంది. ఆ పని మధ్యలో చెయ్యి ఆపితే మాడిపోతుంది గనుక, వెనక్కి తిరక్కుండానే కూర్చోమంది.

క్లోవిస్ కూర్చోలేదు. టోపీ తీసి పట్టుకున్నాడు.

"బావా, నీ తుపాకీ ఆగిపోయింది నావల్ల. గిన్నె కదలకుండా చేశాను. అది కదిలితేనే తుపాకీ ఆడుతుందట. అజేలక్క కూర్చుని చూసింది, ఇప్పుడు జరిగేలా మార్చాం. నువ్వు కాదు, నీ చెయ్యి కాదు. నేను."

ఓవీద్ వెల్లుల్లి రెబ్బ ఒలవడం పూర్తిచేసి గిన్నెలో వేశాడు.

"తెలుసు," అన్నాడు.

గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

"ఏం తెలుసు?" అన్నాడు క్లోవిస్.

"కుర్చీ సంగతే. రెండోరోజే ఎడమభుజానికి పెట్టి కాల్చి చూశాను. చక్కగా ఆడింది. ఎడంవైపు నుంచి నేను కొట్టింది ఆకాశాన్ని, అది వేరే సంగతి."

"తెలిసి కూడా చెప్పలేదా?" క్లోవిస్ గొంతు పెరిగింది. "చోటు వదిలేసుకుంటానన్నావే గానీ, నాకొక్క ముక్క చెప్పలేదా?"

"ఎలా చెప్పమంటావురా? వేసవంతా చేశావు. జీను కోసేశావు. మొదటిరోజు నన్ను దాంట్లో కూర్చోబెట్టి నువ్వు నిలబడ్డ తీరు నువ్వు చూసుకోలేదు, నేను చూశాను. బాగాలేదని ఆ మొహానికి చెప్పేకంటే ఇంట్లో పడుకోవడమే తేలిక అనిపించింది."

"నా బల్ల దగ్గరైనా చెప్పుండచ్చు కదన్నయ్యా," అంది అజేలీ. "మిగిలింది నేనేగా అని వెళ్లిపోయావు. నాకు వారం రోజులు కంటిమీద కునుకు లేదు."

"నీకు చెబితే వీడికి చెబుతావు. నీకు అబద్ధం రాదని ఊరంతా తెలుసు." ఓవీద్ తలొంచుకున్నాడు. "నిన్ను బాధపెట్టాను. అది తప్పే."

ఎల్మీర్ కుండలో ఉల్లిపాయలు కుమ్మరించింది. పొయ్యి మీంచి ఒక్కసారిగా ఆవిరి లేచింది. పిండి మాడే భయం తీరింది గనుక ఇప్పుడు తిరిగింది, గరిటెతో సహా.

"ఒకడు అడగడు, ఒకడు చెప్పడు. మధ్యలో నేను సమాధుల మధ్య నిలబడి ఏడవాలి. వినండి ఇద్దరూ. ఇకమీదట ఈ ఇంట్లో ఏది బాగాలేకపోయినా నోరు తెరిచి చెప్పాలి."

ఓవీద్ బావమరిది వైపు చూశాడు. "ఏదైనానా? మరి మీ అక్క కాఫీ సంగతి?"

"అది మాత్రం వద్దు బావా," అన్నాడు క్లోవిస్ గబుక్కున. "మనమింకా ఈ ఇంట్లో తినాలి."

ఎల్మీర్ గరిటెతో తమ్ముడి భుజం మీద ఒక్కటి వేసింది, భర్త భుజానికి దెబ్బ తగలకూడదు గనుక. అజేలీ అప్పుడు నవ్వింది.

సాయంత్రం కౌలుదారుల భోజనంలో, ఎవరైనా చెప్పవలసింది ఉందా అని పెద్దాయన అడిగాడు. చోటు కోసం కాచుకునున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఓవీద్ వైపు చూశారు. ఓవీద్ పళ్లెం ముందుకి జరిపి ఇంకాస్త అన్నం వేయమన్నాడు. 

మర్నాడు శనివారం. చీకటి విడకముందే చిత్తడి వైపు నుంచి తుపాకుల మోత మొదలైంది. ఎవరివి ఎవరివో అంత దూరానికి తెలీదు. అజేలీ ప్రభువుకి ఒక మాట చెప్పుకుని, పీఠం గుడ్డలు ఇస్త్రీకి పరిచింది. ఎండ కిటికీ ఎక్కేవేళకి వాకిట్లో బండి ఆగింది. క్లోవిస్ దిగాడు. మోకాళ్లదాకా బురద. ఓవీద్ బండిలోనే కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది అజేలీ గడపలోంచి. గుడ్డలకి బురద అంటుతుందని అతన్ని లోపలికి రానివ్వలేదు.

"మొదటి గుంపే తలమీదుగా వచ్చిందక్కా. అయిదారు పెద్దబాతులు. బావ గురిపెట్టాడు, కాల్చాడు. ఒకటి, రెండు, మూడు. ఎక్కడా ఆగలేదు."

"భుజం?"

"ఏమీ కాలేదంటాడు."

"ఎన్ని పడ్డాయి?"

"ఒక్కటీ పడలేదు. మూడూ గురి తప్పాయి."

బండి కిటికీలోంచి ఓవీద్ తల బయటపెట్టాడు. బుగ్గలు చలికి ఎర్రబడి ఉన్నాయి. నిచ్చెన మీంచి పడ్డాక అంత గట్టిగా అతను మాట్లాడడం అజేలీ వినలేదు.

"తప్పలేదు. అవి మరీ ఎత్తుగా ఉన్నాయి. నేను ఆగుదామన్నాను, వీడే ఇప్పుడు ఇప్పుడు అని చెవిలో అరిచాడు. మాట్లాడకుండా ఉండే బామ్మర్దిని ఎవడైనా చేస్తాడేమో కనుక్కో అజేలీ. రేపు పూజ అయ్యాక మళ్లీ వెళ్తున్నాం."